వయోజన విద్య అధికారులకు ఒక రాత్రి బడి టీచరు బహిరంగ లేఖ

వయోజన విద్య బాధ్యతలు చూస్తున్న అధికారులకు, మాకు శిక్షణలిచ్చే రిసోర్స్ పర్సన్లకు నమస్కారం.

పల్నాడు జిల్లాలోని ఒక పల్లె నుంచి రాస్తున్నాను. మా ఊరి డ్వాక్రా సంఘాల్లో చదువు రాని ఆడవాళ్లకు రాత్రిపూట అక్షరాలు చెబుతుంటాను. ఉల్లాస్ అనే కేంద్ర ప్రభుత్వ వయోజన విద్య పథకం కింద పనిచేసే వాలంటీర్లకు జీతం ఉండదని తెలిసే ఒప్పుకున్నాను కాబట్టి దాని గురించి ఈ లేఖలో ఒక్క ముక్క కూడా ఉండదు. నా గొడవ వేరే. సమీక్షల్లో ఎప్పుడు చూసినా ఒకటే మాట వినపడుతోంది: "మొదట్లో బాగానే వచ్చారు, తర్వాత మానేశారు. వాళ్లకే ఆసక్తి లేదు."

తెల్లవారుజామున లేచి వంట చేసి, క్యారేజీ కట్టుకొని, ఆటోలో ఇరుక్కుని చేలకు పోయి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించి, గిన్నెలు తోమి, ఏడున్నరకు పలక చంకన పెట్టుకొని వచ్చే మనిషి గురించి ఈ మాట ఎలా అనగలుగుతారో నాకు అర్థం కాదు. ఆసక్తి లేనిదే ఆవిడ మొదటి రోజైనా ఎందుకొస్తుంది? రెండో వారానికి మానేసిందంటే, ఆ మొదటి వారంలో మనం ఆవిడకు చూపించిందేమిటో తేల్చుకోవాలి. చాలాచోట్ల జరుగుతున్నది ఒకటే. టీచరు బోర్డు మీద రాస్తుంది, వీళ్లు చూసి దిద్దుతారు. రేపూ అంతే, ఎల్లుండీ అంతే. పగలంతా ఒంగి పనిచేసిన నడుముతో అలా కూర్చుంటే నాకైనా నిద్రే వస్తుంది.

పాఠం ఎలా చెప్పాలో ఆ రోజు వచ్చిన మనుషుల్ని బట్టి మార్చుకునే వీలు వాలంటీరుకు ఇవ్వండి. నేను అడిగేది ఇదే. ఇచ్చామని నోటితో అంటే చాలదు. మా దగ్గర తీసుకునే రిపోర్టుల్లో, మీరిచ్చే శిక్షణల్లో, పెట్టే తేదీల్లో అది కనపడాలి. ఎందుకో మా క్లాసు సంగతులతోనే చెబుతాను.

రాత్రి బడికి వచ్చే ప్రతి మనిషీ మొదట అడిగేది సంతకం. బ్యాంకులో ఇంకుప్యాడ్ ముందుకు తోసినప్పుడు వేలు పెట్టడం, ఆ తర్వాత ఆ వేలిని చీర చెంగుకు తుడుచుకోవడం, వెనక నిలబడ్డవాళ్లు చూస్తున్నారేమోనని తల తిప్పుకోవడం, ఆ నామోషీ పోవాలని వస్తారు. సరే, క్లాసులో ఉండే పేర్లు చూడండి. వెంకటమ్మ, సుబ్బమ్మ, ఎల్లమ్మ, మరియమ్మ, లక్ష్మి. ఒత్తు లేని పేరే లేదు. మన చదువు వరుసేమో తరతరాలుగా ఒకటే: ముందు అక్షరాలు, తర్వాత గుణింతాలు, అవన్నీ అయ్యాక ఒత్తులు. ఆ వరుసలో పోతే సుబ్బమ్మ తన పేరు తాను రాసుకోవడానికి నెలల తరబడి ఆగాలి. లక్ష్మి పరిస్థితి మరీ అన్యాయం. ఊరికి పదిమంది ఉండే పేరు, అందులో 'క్ష్మి' అని ఒత్తు మీద ఒత్తు.

అందుకని మా దగ్గర 'మ్మ' మొదటి రోజే వచ్చేస్తుంది. అట్టముక్క మీద పెద్దగా రాసి చాప మధ్యలో పెడతాను. ఇది ఎవరి పేరు చివర ఉందో చెయ్యెత్తమంటాను. సగానికి పైగా చేతులు లేస్తాయి. "అందరిదీ ఒకటే అచ్చరమా!" అని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు. అక్కణ్ణుంచి అమ్మ, బొమ్మ, కొమ్మ, నిమ్మ ఒకదాని వెనక ఒకటి వాళ్ల నోటి నుంచే వస్తాయి, నేను రాస్తూ పోతాను. ఒకసారి పరిశీలనకు వచ్చిన ఒకాయన ఇది చూసి, "గుణింతాలే కాలేదు, అప్పుడే ఒత్తులా?" అన్నారు. ఆయన చేతిలోని ఫారంలో ఏ పాఠం ఎప్పటికి పూర్తవాలో ఉంది. చాప మీద ఉన్నవాళ్లకు ఏది ముందు కావాలో రాసుకోవడానికి అందులో గడే లేదు.

ఇలా అంటున్నానని పాత పద్ధతులన్నీ చెత్తబుట్టలో వేయమంటున్నానని అనుకోకండి. మా క్లాసులో పెద్దవాళ్లే ఒప్పుకోరు. "ఏందమ్మాయ్, ఏవేవో చెబుతున్నావు, అఆలు ఎప్పుడు దిద్దిస్తావు?" అని నిలదీసిన పెద్దమ్మ ఉంది. ఆమె తరంలో చాలామంది గేదెల వెనక పోవడానికో, చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికో బడి గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి వచ్చినవాళ్లు. వాళ్లకు చదువంటే పలక మీద అఆలు దిద్దడమే. ఆ కోరిక తీరకుండా మనం ఎంత కొత్తగా చెప్పినా వాళ్లకు చదువుకున్నట్టు ఉండదు. కాబట్టి రోజూ చివరి కాసేపు అచ్చం బడిలోలాగే దిద్దిస్తాను. పలక తెచ్చి చూపిస్తే రైటు కొట్టి ఇస్తాను. ఆ రైటు కోసం మనవళ్లున్న మనిషి లైన్లో నిలబడుతుంది.

మీ శిక్షణల్లో నేర్పే 'యాక్టివిటీలు' మాత్రం కొన్ని దయచేసి తీసేయండి. అవి అంగన్‌వాడీలో పిల్లలకు బాగుంటాయి. యాభై ఏళ్ల మనిషిని చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరగమంటే నవ్వుతూ తిరుగుతుంది, మర్నాడు రాదు. మొహమాటం కొద్దీ ఎందుకు రాలేదో కూడా చెప్పదు. ఆట కావాలంటే వాళ్లవే ఉన్నాయి. అష్టాచెమ్మా గళ్లలో సుద్దతో అక్షరాలు రాస్తాం. గవ్వలు వేసి కాయ ఏ గడిలో పడితే ఆ అక్షరంతో మొదలయ్యే మాట చెప్పాలి, చెప్పలేకపోతే కాయ వెనక్కి. ఇందులో ఎవరూ నన్ను చూసి ఆడరు. పైపెచ్చు నా దొంగాట వాళ్లే పట్టుకుంటారు.

లెక్కల దగ్గరికొస్తే ఒంటి నుంచి వంద దాకా వల్లె వేయించడం నాకు అవమానంగానే తోస్తుంది, వాళ్ల తరఫున. పదివేల అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున ఏడు నెలలకు ఎంతవుతుందని అడగండి. వక్క కొరికినంతసేపట్లో పద్నాలుగు వందలని చెప్పేస్తుంది. లెక్క ఆమెకు వచ్చు. ఆ లెక్కను కాగితం మీద పెట్టడం రాదు, ఇంకొకరు పెట్టిన లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం రాదు. అందుకే మా లెక్కల పుస్తకం సంఘం పాసుపుస్తకమే. తేదీ ఎక్కడుంది, కంతు ఎంత కట్టాం, అందులో అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇంకా ఎంత మిగిలింది. ఒకావిడ ఇలా చూసుకుంటూ తను కట్టిన కంతు ఒకటి పుస్తకంలో ఎక్కలేదని పట్టుకుంది. మర్నాడే వెళ్లి రాయించుకొచ్చింది. ఆ వారం క్లాసుకు కొత్తగా కొందరు వచ్చారు, ఏ ర్యాలీ తీయకుండానే.

ఒకరోజు అందరినీ దగ్గరున్న నోటు ఒకటి బయటికి తీయమన్నాను. పర్సుల్లోంచి, కొంగుముళ్లలోంచి పదులూ యాభైలూ వందలూ వచ్చాయి. వీళ్లు నోటును రంగుతో గుర్తుపడతారు. నోటు వెనకవైపు చిన్న పట్టీలో 15 భాషలు వరుసగా ఉంటాయి, అన్నిటికంటే కింద ఉర్దూ, దాని పైవరుసలో తెలుగు. 'రూపాయలు' అనే మాట అందులో వెతకమన్నాను. కాసేపు గది అంతా నిశ్శబ్దం, తర్వాత ఒక్కసారిగా గోల. "ఇన్నేళ్లూ దీని మీద మన తెలుగుందా?" అని ఒకావిడ నోటును అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉంది. పది రూపాయల నోటు నుంచి ఐదు వందల నోటు దాకా ఆ మాట మారదు, ముందున్న మాటే మారుతుంది. దానికి నాకు చార్టు అక్కర్లేదు, ప్రింటవుట్ అక్కర్లేదు.

అయితే ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. నలుగురైదుగురు నోటును చేయి చాచినంత దూరంలో పెట్టి, కళ్లు చికిలించి, "నాకు బుర్రకెక్కట్లేదులే" అని పక్కన పెట్టేశారు. వాళ్లకు చత్వారం. నలభై దాటాక ఇది మామూలే. సూదిలో దారం మనవరాలి చేత ఎక్కించుకునే మనిషిని మనం సన్న అక్షరాల వాచకం ముందు కూర్చోబెట్టి, వెనకబడిన అభ్యాసకురాలని రాసుకుంటున్నాం. తెలుగులో పకూ షకూ, వకూ మకూ, దకూ ధకూ ఉన్న తేడా ఎంత? మసక కళ్లకు అదంతా ఒకటే. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టి ఊరూరా పరీక్షలు చేసి అద్దాలిచ్చారు, 2023 జనవరిలో రెండో విడత చేశారు. మన దగ్గర కూడా 2019 అక్టోబరులో అదే పేరుతో బడిపిల్లలతో మొదలుపెట్టారు. రాత్రి బడిలో పేరు రాయించుకున్న ప్రతి మనిషికీ మొదటి వారంలోనే కళ్లు చూపించి, దగ్గరి చూపు అద్దాలు ఇప్పించే ఏర్పాటు వైద్య శాఖతో మాట్లాడి చేయించండి. ఈ లేఖలో మిగతావన్నీ పక్కన పెట్టి ఇదొక్కటి చేసినా సగం మంది నిలబడతారని నా నమ్మకం.

ఇక కాలం సంగతి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా వైపు మిరప కోతలు. రోజంతా కాయ కోసిన వేళ్లు రాత్రి దాకా మండుతూనే ఉంటాయి. కొబ్బరినూనె రాసుకొని వస్తారు. పలక ముట్టుకుంటే జిడ్డు, బలపం పట్టుకుంటే మంట, పొరపాటున ఆ చెయ్యి కంట్లో పెట్టుకుంటే ఆ రోజుకు క్లాసు అయిపోయినట్టే. సరిగ్గా ఆ నెలల్లోనే మాకు "రాత పని వేగం పెంచండి" అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. కోతల కాలంలో మేం రాయడం బాగా తగ్గించి చదవడం మీద పడతాం. పేపర్లో గుంటూరు మిర్చి యార్డు ధరలు వస్తాయి కదా, తేజ రకం ఎంత, 334 రకం ఎంత, ఆర్మూరు రకం ఎంత అని. కౌలుకు నాలుగు సెంట్లు వేసుకున్నవాళ్లకైనా అది ఊపిరాడనివ్వని విషయం. క్వింటా ధర ఐదంకెల్లో ఉంటే దాన్ని చదవడానికి వాళ్లు పడే ఆత్రం ఏ అంకెల పాఠంలోనూ నేను చూడలేదు.

చదవడాన్నీ రాయడాన్నీ ఇలా విడదీయొచ్చా అని మీకు సందేహం ఉంటే, ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. 2000లో సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్, దాని తొలి అధిపతి ఎఫ్.సి. కోహ్లీ చొరవతో, అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో కంప్యూటరు తెర మీద పెద్దవాళ్లకు తెలుగు నేర్పడం మొదలుపెట్టింది. విడి అక్షరాలతో కాకుండా రోజూ వాడే మాటలతో, బొమ్మలతో, గొంతుతో మొదలుపెట్టి 40 గంటల్లో చదవడం వరకు తేవాలని చూశారు. రాయడం జోలికి పోలేదు. దాని పరిమితులు దానికున్నాయి, వేలిముద్ర పోవాలని వచ్చిన మనిషికి చదవడం ఒక్కటే సరిపోదు. కానీ అన్నీ ఒకేసారి, ఒకే వరుసలో నేర్పితేనే చదువు అన్న పట్టుదల అవసరం లేదని అది చూపించింది.

రాయలేని రోజుల్లో బయటికి కూడా పోతాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆర్టీసీలో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చాక మా వాళ్లు వెళ్లని ఊరు లేదు. ఫ్రీ అన్ని బస్సులకూ లేదు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటివాటికి ఉంది, సూపర్ లగ్జరీకి లేదు. ఎక్కాక కండక్టరు దిగమంటే అందరి ముందూ తలవంపులు. అందుకని ఒక ఆదివారం క్లాసు బస్టాండులో పెట్టాం. వచ్చే బస్సు ఏదో, ఎక్కడికి పోతుందో దూరం నుంచే చదవాలి. మొదట్లో బోర్డు మొత్తం చదివేలోపు బస్సు వెళ్లిపోయేది. కాసేపటికి మొదటి అక్షరం, మాట పొడవు చూసి ఊహించడం పట్టేశారు. చదువు వచ్చినవాళ్లందరం చేసేది అదేనని అప్పుడు నాకు తోచింది. 'న' చూస్తే నరసరావుపేట, 'పి' చూస్తే పిడుగురాళ్ల.

క్లాసులో అందరిదీ ఒకే స్థాయి కాదన్నది మీకు తెలిసిందే. మూడో క్లాసు దాకా చదివి మర్చిపోయినవాళ్లూ, బలపం ఎప్పుడూ పట్టనివాళ్లూ ఒకే చాప మీద కూర్చుంటారు. జతలు కట్టిస్తే నాకన్నా వాళ్లే బాగా చెప్పుకుంటారు. ఒక్క హెచ్చరిక మాత్రం, ఏ శిక్షణ పుస్తకంలోనూ లేనిది: అత్తనూ కోడల్నీ ఒకే జతలో వేయకండి. కోడలు అత్త తప్పు దిద్దాల్సి వచ్చిన రోజున రెండు సీట్లూ ఖాళీ అవుతాయి.

ఈ పద్ధతులన్నిట్లో మనం దాదాపు వదిలేసింది కూర్చోబెట్టి మాట్లాడించడం. దీనికి మన రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉంది, మాకిచ్చే శిక్షణల్లో మాత్రం అది ఎవరి నోటా రాదు. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చాక, తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలతో, నాటికలతో జనాన్ని రాత్రి బడులకు పిలిచాయి. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, ఊళ్లో సారా దుకాణాన్ని ఆడవాళ్లంతా ఏకమై మూయించిన కథ. దాన్ని చదివి పుస్తకం మూసేయలేదు. మన ఊళ్లో సంగతేమిటని మాట్లాడుకున్నారు. దూబగుంటలో ఆడవాళ్లు నిజంగానే సారా దుకాణం మూయించారు, దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఒక్క పాఠమే ఇంత పని చేసిందంటే అతిశయోక్తి. కూలి డబ్బులు సారా కొట్టుకు పోతుంటే ఆడవాళ్ల కడుపులు అప్పటికే మండి ఉన్నాయి. ఆ మంట పదిమందిలో చెప్పుకోవడానికి రాత్రి బడి చోటిచ్చింది, చెప్పుకున్నదాన్నే చదువుకున్నారు.

ఇప్పుడు మా దగ్గర మాట్లాడుకునే విషయాలు వేరు. సంఘం అప్పు పక్కనే మైక్రో ఫైనాన్సు అప్పు, ఫోన్లో వచ్చే ఓటీపీ మోసాలు, ఈకేవైసీ కాలేదని ఆగిన రేషన్, కూతురి పెళ్లి వయసు. పావుగంట మాట్లాడనిచ్చి, వాళ్లన్న మాటల్లోంచి ఒక వాక్యం తీసి బోర్డు మీద రాస్తాను. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు." అది వాళ్ల వాక్యం కాబట్టి మర్నాటికీ గుర్తుంటుంది. ఈ పావుగంటను రిపోర్టులో ఏ పాఠం కింద చూపించాలో చెప్పండి. ప్రస్తుతం నేను 'పునశ్చరణ' అని రాసి పంపుతున్నాను.

రిపోర్టుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఎన్నో పాఠం దాకా వచ్చారు, హాజరు ఎంత అని అడగడం ఆపమనను, అవీ కావాలి. వాటి కింద ఒక్క గడి కలపండి: ఈ నెల ఎవరెవరు కొత్తగా ఏం చదవగలిగారు, ఏం రాయగలిగారు. బస్సు బోర్డు, పాసుపుస్తకం, కొడుకు పంపిన మెసేజ్, ఏదైనా సరే. చివర పరీక్షలో ఎలాగూ చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50 మార్కులు పెట్టి 150కి కొలుస్తున్నారు. దారిలో ఉన్నప్పుడు పుస్తకం పేజీలను ఎందుకు కొలవడం? ఫారంలో ఏది అడిగితే వాలంటీరు అదే చేస్తుంది. పేజీలు అడిగితే పేజీలు తిప్పేస్తుంది.

శిక్షణల గురించి కాస్త కటువుగానే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. పెద్దవాళ్లకు ఉపన్యాసం పనికిరాదు, రకరకాలుగా చెప్పాలి అని మాకు పొద్దుటి నుంచి భోజనాల దాకా ఉపన్యాసమే ఇస్తారు. ప్రొజెక్టరు మీద స్లైడు, స్లైడు మీద ఉన్నదే చదవడం. మధ్యాహ్నానికి సగం హాలు ఫోన్లలో ఉంటుంది. మేం కూడా పెద్దవాళ్లమే కదా. దానికి బదులు మండలంలో బాగా నడుస్తున్న ఒక రాత్రి బడికి మమ్మల్ని ఏడెనిమిది మందిని పంపండి. వెనక కూర్చుని ఒక క్లాసు చూస్తాం, మర్నాడు మాలో ఒకరు అక్కడే చెబితే మిగతావాళ్లు చూస్తారు. రిసోర్స్ పర్సన్ గారు కూడా ఒక పాఠం చెప్పి చూపించాలి, మా ముందు కాదు, చదువుకునేవాళ్ల ముందు. ఖర్చు ఆటో చార్జీలే.

మా బడికి రావాలనుకుంటే సంతోషంగా రండి. ఏడున్నరకు మొదలవుతుంది, ఎనిమిది దాకా వస్తూనే ఉంటారు, ఆలస్యమైందని ఎవర్నీ ఏమీ అనకండి. శాలువాలు, ఫొటోలు వద్దు, ఫోన్ కెమెరా పైకెత్తితే కొంతమంది కొంగు అడ్డం పెట్టుకొని లేచిపోతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం శిక్షణ తేదీలు పెట్టకండి, కోతలు వదిలి వాలంటీర్లు కూడా రాలేరు, మాలో చాలామందిమి పగలు ఆ చేలలోనే ఉంటాం. మే మొదటి వారమైతే అందరికీ కుదురుతుంది. కళ్ల పరీక్షకు మా పేర్ల జాబితా, వయసులతో సహా, ఈ లేఖతో పాటే మండల ఆఫీసుకు విడిగా పంపుతున్నాను.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక రాత్రి బడి వాలంటీరు టీచరు